రంభ రేవు నుంచి చిల్కా దీవులకు



సెలవుల్లో ఏదైనా దీవికి వెళ్ళి రావాలని చాలామందికి కోరిక. ఆ మాట అనగానే అండమాన్, లక్షదీవులు, స్తోమత ఉన్నవారికి మాల్దీవులు గుర్తుకు వస్తాయి. ఓడ టిక్కెట్టో విమానం టిక్కెట్టో కొనాలి. వారం పది రోజులు సెలవు పెట్టాలి. నలుగురున్న సంసారానికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేసుకోవాలి. ఆ లెక్క తేలేసరికి సెలవులే అయిపోతాయి. అయితే మన గంజాం జిల్లాలోనే, బరంపురానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, పొద్దున్న బయలుదేరి రాత్రి భోజనానికి ఇంటికి చేరుకోగల దీవులు ఉన్నాయి. అవి చిల్కా సరస్సులో, రంభ రేవుకు ఎదురుగా ఉన్న దీవులు. ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు వారికి కూడా ఇది ఒక్కరోజు ప్రయాణమే.

ఈ దీవుల పేర్లు చాలామంది వినే ఉంటారు. ఒకటి బ్రేక్‌ఫాస్ట్ ఐలండ్, ఒకటి హనీమూన్ ఐలండ్, ఇంకొకటి బర్డ్స్ ఐలండ్. ఈ పేర్లు విని వెళ్ళినవారిలో కొందరు నిరుత్సాహపడి తిరిగి వస్తారు. బ్రేక్‌ఫాస్ట్ దీవిలో ఇడ్లీ దొరకదు, హనీమూన్ దీవిలో హోటలూ ఉండదు. తాగడానికి మంచినీళ్ళు కూడా మనం పట్టుకెళ్ళవలసిందే. మరి అక్కడ చూడడానికి ఏముంది? ఎవరి కోసం వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి, వెళ్ళినవారు ఏం చెయ్యకూడదు? ఈ సంగతులు ఈరోజు చెప్పుకుందాం.

ముందుగా సరస్సు గురించి రెండు మాటలు. చిల్కా పూరీ, ఖుర్దా, గంజాం అనే మూడు జిల్లాల్లో వ్యాపించి ఉంది. వానాకాలంలో దీని వైశాల్యం సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు. ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లకు తగ్గిపోతుంది. ఇంత పెద్దదైనా లోతు తక్కువే. చాలా చోట్ల ఒక నిలువు మనిషి లోతు ఉంటే ఎక్కువ. ఉత్తరం వైపు నుంచి మహానది పాయలైన దయ, భార్గవి వంటి నదులు మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి. తూర్పున ఇసుక దిబ్బల మధ్య ఉన్న ముఖద్వారం గుండా సముద్రపు ఉప్పునీరు వస్తూ పోతూ ఉంటుంది. ఈ రెండు నీళ్ళూ కలిసే చోటు కాబట్టి దీనిలో ఉప్పు ఋతువును బట్టి, చోటును బట్టి మారుతుంది. తిరుపతి జిల్లాలోని పులికాట్ సరస్సు చూసినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. మన దేశంలో ఇటువంటి సరస్సుల్లో చిల్కా మొదటిది, పులికాట్ రెండవది.

బరంపురం నుంచి రంభకు జాతీయ రహదారి మీద బస్సులు ఉన్నాయి. ఛత్రపురం దాటి, గంజాం దగ్గర ఋషికుల్య వంతెన దాటి, హుమ్మా ఉప్పుమళ్ళ పక్క నుంచి పోతే రంభ వస్తుంది. రైల్లో వెళ్ళదలచుకున్నవారు ఎక్స్‌ప్రెస్ బళ్ళు అన్నీ రంభలో ఆగవని గుర్తుంచుకోవాలి. ముందే విచారించుకోవడం మంచిది. రంభ దాటాక బాలుగావ్ వరకు రైలుమార్గం చాలాచోట్ల సరస్సు ఒడ్డునే సాగుతుంది. హౌరా వైపు పోయేటప్పుడు కుడిచేతి కిటికీ దగ్గర కూర్చున్నవారికి ఆ దృశ్యం ఉచితం.

ఇక్కడి నుంచి దీవులకు ప్రయాణం కొత్త సంగతి కాదు. సరస్సు దక్షిణపు కొసన, రంభకూ ఋషికుల్య ముఖానికీ మధ్య పాలూరు అనే ఊరు ఉంది. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ పేర్కొన్న పలూర ఇదేనని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. కళింగ తీరం నుంచి వర్తకులు జావా, బాలి, సుమత్రా దీవులకు వెళ్ళేవారు. కార్తీక పౌర్ణమి నాడు తెల్లవారుజామున ఒడియావారు చెరువుల్లో, నదుల్లో అరటి దొప్పల పడవలు వదలడం మన బరంపురంలో ఏటా చూస్తూనే ఉన్నాం. ఆ బోయిత బందన ఆ ప్రయాణాల జ్ఞాపకమే. తరువాతి కాలంలో సరస్సునూ ఋషికుల్య ముఖాన్నీ కలుపుతూ పాలూరు కాలువ తవ్వారు. దాని పొడవు సుమారు 18 కిలోమీటర్లు.

రంభలో దిగగానే ఒడ్డున ఒక పాత భవనం కనిపిస్తుంది. అది రంభ రాజభవనం. 18వ శతాబ్దం చివర, గంజాం జిల్లా ఈస్టిండియా కంపెనీ పాలనలో ఉన్న రోజుల్లో, థామస్ స్నోడ్‌గ్రాస్ అనే కలెక్టరు దీన్ని కట్టించాడు. కంపెనీవారి జీతంతో ఇంత భవనం ఎలా లేచిందని ఆ రోజుల్లోనే గుసగుసలు పుట్టాయి. తరువాత కంపెనీ అతనికి పింఛను ఇవ్వడానికి నిరాకరిస్తే, లండనులో కంపెనీ ఆఫీసు ఎదుట వీధి ఊడ్చే కూలీగా నిలబడి, సిగ్గుపెట్టి మరీ పింఛను రాబట్టుకున్నాడని ఒక కథ ఉంది. భవనం తరువాత ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. 1903లో ఉత్కళ సమ్మిళని ఏర్పడడానికి ముందు ఖల్లికోట రాజా హరిహర మర్దరాజు, మధుసూదన్ దాస్ వంటి పెద్దలు ఇక్కడ కూర్చుని ఆలోచనలు చేశారు. ఆ ప్రయత్నాలన్నీ ఫలించి 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. అంతవరకు మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం జిల్లాలో ఎక్కువ భాగం ఇటు వచ్చింది. మిగతా భాగం అటు ఉండిపోయింది. మన సరిహద్దు కథకు ఈ సరస్సు ఒడ్డు కూడా ఒక సాక్షి అన్నమాట.

స్నోడ్‌గ్రాస్ కట్టించినది ఇంకొకటి నీళ్ళలో ఉంది. రేవు నుంచి పడవ కదిలాక, ఘంటశిల కొండకు దగ్గరలో, ఒక రాతిగుట్ట మీద శంకువు ఆకారంలో స్తంభం, దానిలో ఒక చిన్న గది కనిపిస్తాయి. పైన దీపం పెట్టడానికి దాన్ని కట్టించారు. అందుకే దానికి బీకన్ ఐలండ్ అని పేరు. రాత్రిపూట సరస్సులో తిరిగే పడవలకు దారి చూపే దీపం అన్నమాట. చుట్టూ నీలంగా పరుచుకున్న తూర్పు కనుమలు, మధ్యలో తెల్లటి స్తంభం. ఫోటోలు తీసుకునేవారికి అది మంచి చోటు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. చిల్కాలో దీవులన్నీ ఒకే రకం కావు. తూర్పున సముద్రం వైపు ఉన్నవి ఇసుక దీవులు. అలలూ గాలీ కలిసి పోసిన దిబ్బలు అవి. మనం చూడబోయే రంభ వైపు దీవులు రాతి దీవులు. ఒడ్డున కనిపించే తూర్పు కనుమల కొసలే నీళ్ళలో మునిగి, శిఖరాలు మాత్రం పైకి తేలి ఉన్నాయి. మన మహేంద్రగిరి ఏ కొండల వరుసలోదో, ఈ దీవులూ ఆ వరుసలోవే. పడవలో వెళుతూ ఉంటే మనం కొండల మధ్య లోయలో తేలుతున్నట్టే.

మొదట వచ్చేది బ్రేక్‌ఫాస్ట్ దీవి. ఒడియాలో దీని పేరు సానకుద. సాన అంటే చిన్నది. కుద అంటే నీటి మధ్య దిబ్బ. ఖల్లికోట రాజావారు ఇక్కడ ఒక బంగళా కట్టించారు. దొరలు అతిథులుగా వచ్చినప్పుడు పొద్దున్న పడవలో తీసుకొచ్చి ఇక్కడ ఫలహారం పెట్టించేవారని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆ బంగళా ఇప్పుడు శిథిలమైపోయింది. గోడల్లోంచి చెట్లు మొలిచాయి. దీవి మీద అరుదైన మొక్కలు కూడా ఉన్నాయని వృక్షశాస్త్రజ్ఞులు అంటారు. కాబట్టి పూలు కోయడం, కొమ్మలు విరచడం పనికిరాదు. శిథిలమైన గోడలు ఎక్కడం అంతకంటే పనికిరాదు.

తరువాతది హనీమూన్ దీవి. రంభ రేవు నుంచి సుమారు 8 కిలోమీటర్లు. దీని అసలు పేరు బడకుద, అంటే పెద్ద దిబ్బ. మ్యాపుల్లో బర్కుడా అని రాస్తారు. ఇక్కడ నీళ్ళు తేటగా ఉంటాయి. గాలి లేని పొద్దుటిపూట పడవ అంచున వంగి చూస్తే అడుగున ఎర్రగా, పచ్చగా పాచి ఊగుతూ కనిపిస్తుంది. అది మురికి కాదు. నీరు శుభ్రంగా ఉండి ఎండ అడుగుదాకా దిగుతుంటేనే అలా పెరుగుతుంది. చిల్కాలో పెరిగే ఎర్రపాచిలో గ్రాసిలేరియా అనే రకం ఉంది. మన ఆడవాళ్ళు మిఠాయిలు గడ్డ కట్టడానికి వాడే చైనాగ్రాస్‌ను ఆ జాతి పాచి నుంచే తీస్తారు. చేపపిల్లలు, రొయ్యపిల్లలు ఆ పాచిలోనే దాక్కుని పెరుగుతాయి.

ఈ బర్కుడా దీవికి కొత్త దంపతుల కంటే చాలా గొప్ప నివాసి ఒకరు ఉన్నారు. అది కాళ్ళు లేని ఒక చిన్న బల్లి. చూస్తే చిన్న పాములా, కాస్త దగ్గరగా చూస్తే వానపాములా ఉంటుంది. నిజానికి మన పొలాల్లో కనిపించే నలికండ్ల పాము కుటుంబానిది. చెట్ల కింద మెత్తటి మట్టిలో ఇది జీవిస్తుంది. 1917లో నెల్సన్ అన్నండేల్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు. ఆయన 1916లో స్థాపించిన భారత జంతుశాస్త్ర సర్వే సంస్థకు మొదటి డైరెక్టరు. ఆ ప్రాణికి పెట్టిన శాస్త్రీయ నామం బర్కుడియా. అంటే మన జిల్లాలోని ఒక చిన్న దీవి పేరు ప్రపంచంలోని జంతుశాస్త్ర గ్రంథాలన్నింటిలోకీ ఎక్కింది. దీనికి ఒకే ఒక్క దగ్గరి చుట్టం ఉంది. అది విశాఖపట్నం ప్రాంతంలో దొరికింది. ఈ బల్లి ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న ప్రాణుల జాబితాలో ఉంది. మీకు అది కనిపించదు. కనిపించాలని కోరుకోనూ వద్దు. రాళ్ళు పొర్లించి, మట్టి తవ్వి వెతకవద్దు. చెట్ల కింద పొయ్యి పెట్టి వంట చేయవద్దు. మనం వంట చేసే పొయ్యి కిందే దాని ఇల్లు ఉండవచ్చు.

మూడవది బర్డ్స్ ఐలండ్, పక్షుల దీవి. పెద్ద పెద్ద బండలు నీటి మీదికి వంగి వేలాడుతున్నట్టు ఉంటాయి. ఎవరో సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తాయి. తరతరాలుగా పక్షులు వేసిన రెట్టల వల్ల వచ్చిన తెలుపు అది. పేరు ఒకటే కాబట్టి చాలామంది దీన్ని నలబణ పక్షుల అభయారణ్యం అనుకుంటారు. ఇది వేరు, అది వేరు. రంభ పడవలు గంట రెండు గంటల్లో చూపించేది ఈ బండల దీవినే.

నలబణ సరస్సు మధ్యలో ఉంది. నల అంటే రెల్లువంటి ఒక గడ్డి, బణ అంటే వనం. వైశాల్యం పదిహేనున్నర చదరపు కిలోమీటర్లు. దీని విచిత్రం ఏమిటంటే, వానాకాలంలో ఇది నీళ్ళలో మునిగిపోతుంది. శీతాకాలంలో నీరు తీశాక బురదనేల మెల్లగా పైకి తేలుతుంది. సరిగ్గా ఆ సమయానికే వలస పక్షులు దిగుతాయి. కాస్పియన్ సముద్రం, బైకాల్ సరస్సు, మంగోలియా, సైబీరియా, లడఖ్‌ల నుంచి వస్తాయి. తల మీద రెండు నల్లపట్టెలున్న బాతులు హిమాలయాల మీదుగా ఎగిరి వస్తాయి. సూదితోక బాతులు, గరిటెముక్కు బాతులు, రాజహంసలు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఇటీవలి సంవత్సరాల్లో జనవరిలో తీసిన లెక్కల్లో చిల్కా మొత్తం మీద పక్షులు 10 లక్షలు దాటాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి, టెక్కలి దగ్గర తేలినీలాపురానికి వచ్చే పక్షులను ఆ ఊళ్ళవాళ్ళు ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారని మనకు తెలుసు. నలబణలో కూడా అదే మర్యాద పాటించాలి. పడవ దూరంగానే ఆగాలి. దీవి మీద కాలు పెట్టడానికి సందర్శకులకు అనుమతి లేదు. పక్షులు ఎగిరితే ఫోటో బాగుంటుందని చప్పట్లు కొట్టడం, ఇంజను మోత చేయించడం నేరం. వేల మైళ్ళు ఎగిరి వచ్చిన పిట్టకు ఒక్కసారి ఉలిక్కిపడి లేవడమంటే, పోగుచేసుకున్న బలాన్ని పారబోసుకోవడమే.

నలబణకూ, కాళిజాయికీ రంభ నుంచి కంటే బర్కుల్, బాలుగావ్ రేవుల నుంచి వెళ్ళడం సుళువు. అవి ఖుర్దా జిల్లాలోవి. కాళిజాయి చిన్న రాతిగుట్ట మీద ఉన్న అమ్మవారి గుడి. జాయి అనే పిల్లకు పరికుడ దీవిలోని అబ్బాయితో పెళ్ళి కుదిరిందట. తండ్రితో పడవలో అత్తవారింటికి బయలుదేరింది. ఈ గుట్ట దగ్గర తుఫాను గాలి లేచి పడవ బోల్తాపడింది. అందరూ బయటపడ్డారు, జాయి మాత్రం కనిపించలేదు. ఆ పిల్లే ఇక్కడ అమ్మవారై వెలిసిందని జనం నమ్మకం. గోదావరీశ మిశ్ర కాళిజాయి మీద ఒడియాలో రాసిన కావ్యం చాలా ప్రసిద్ధం. మన శ్రీకాకుళం, గంజాం పల్లెల్లో పేరంటాళ్ళ గుళ్ళు ఎరిగినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు. అకాలంగా పోయిన ఆడపిల్లను ఊరు మరిచిపోకుండా పసుపు కుంకుమలతో కొలుచుకోవడం రెండు భాషలవారికీ ఉన్న అలవాటే. మకర సంక్రాంతికి ఇక్కడ పెద్ద జాతర జరుగుతుంది. చేపల వేటకు వెళ్ళేవారు అమ్మవారికి మొక్కుకునే పడవ దించుతారు.

ఆ వేట మాట వచ్చింది కాబట్టి, ఈ సరస్సు మీద ఎవరు బతుకుతున్నారో చెప్పుకోవాలి. చుట్టుపక్కల ఊళ్ళల్లో లక్షమందికి పైగా బెస్తవారి కుటుంబాల జనం ఉన్నారు. కేవుటలు, కండరాలు, తియరలు ఇలా అనేక కులాలు. వారిలో నోళియాలు అని ఒడియావారు పిలిచేవారు మన తెలుగు జాలరులే. ఇంట్లో వారు మాట్లాడేది తెలుగే. సముద్రపు ఒడ్డున, ముఖద్వారం దగ్గర వారి వేట.

1980ల నుంచి ఈ సరస్సు మెల్లగా మూసుకుపోవడం మొదలైంది. నదులు తెచ్చిన ఒండ్రు పేరుకుంది. సముద్రంలోకి దారి తీసే కాలువ పొడుగై, వంకరలు తిరిగి, ఇసుకతో పూడింది. రొయ్యలు, పీతలు, చాలా రకాల చేపలు సముద్రంలో పిల్లలు పెడతాయి. ఆ పిల్లలు ముఖద్వారం గుండా సరస్సులోకి వచ్చి పెరుగుతాయి. తలుపు మూసుకుంటే విత్తనమే లోపలికి రాదు. ఉప్పదనం తగ్గి మంచినీటి కలుపు, తూడు పెరిగిపోయాయి. దానికి తోడు ధనం ఉన్నవారు సరస్సు అంచుల్లో కట్టలు పోసి రొయ్యల పెంపకం పెట్టారు. వాటిని ఇక్కడ ఘేరీలు అంటారు. చిల్కా, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండరాదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1981లో అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిల్కా, 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల జాబితాలోకి వెళ్ళింది. 1999-2000లో పట్టిన చేపలు, రొయ్యలు, పీతలు అన్నీ కలిపి సుమారు 1,700 టన్నులు మాత్రమే. వల వేసినవాడు ఖాళీ వలతో ఇంటికి వచ్చిన రోజులు అవి.

1991లో ఏర్పడిన చిల్కా అభివృద్ధి సంస్థ నిపుణుల సలహాతో కొత్త ముఖద్వారం తవ్వించింది. 2000 సెప్టెంబరు 23న అది తెరుచుకుంది. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. ఉప్పునీరు మళ్ళీ లోపలికి వచ్చింది, కలుపు వెనక్కి తగ్గింది. 2001-02లో చేపల పట్టుబడి దాదాపు 12,000 టన్నులకు చేరింది. 2002లో చిల్కా పేరు ప్రమాద జాబితా నుంచి తొలగింది. ఆ ఏడాదే రామ్‌సర్ పురస్కారం కూడా వచ్చింది. ఈ లెక్కలు చెప్పడానికి కారణం ఉంది. మనం పడవ ఎక్కి చూస్తున్నది ఒకసారి చేయిజారిపోయి, మళ్ళీ దక్కిన సరస్సు. ఘేరీల సమస్య పూర్తిగా తీరలేదు. ఒండ్రు రావడం ఆగలేదు. పైగా ఇప్పుడు సందర్శకుల ప్లాస్టిక్ ఒకటి తోడైంది.

ఆ ముఖద్వారం వైపు, పూరీకి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో సాతపడా ఉంది. డాల్ఫిన్లను చూడదలచినవారు వెళ్ళవలసింది ప్రధానంగా అక్కడికే. రంభకు వచ్చి డాల్ఫిన్ కనిపించలేదని పడవవాడితో తగువు పెట్టుకోవడం న్యాయం కాదు. వీటి పేరు ఇరావడి డాల్ఫిన్లు. ఇరావడి బర్మాలోని నది. మన తాత ముత్తాతలు గోపాలపురం రేవులో ఓడ ఎక్కి రంగం వెళ్ళిన రోజుల్లో కూలి చేసిన దేశం అది. ముక్కు పొడుగు లేకుండా గుండ్రటి తల, చిన్న రెక్క, నెమ్మది స్వభావం వీటి గుర్తులు. చిల్కాలో సుమారు 150 ఉన్నాయి. ఇటువంటి సరస్సుల్లో ఇవి ఉన్నవి ప్రపంచంలో రెండే చోట్ల, ఇక్కడా, థాయిలాండులోని సోంగ్‌ఖ్లా సరస్సులోనూ. అక్కడ పట్టుమని ఇరవై కూడా మిగలలేదు. మరపడవలు వెంటబడి తరిమితే ఇంజను పంకా తగిలి ఇవి చచ్చిపోతాయి. దూరంగా పడవ ఆపి, ఇంజను కట్టేసి ఎదురుచూస్తే అవే పైకి వచ్చి ఊపిరి తీసుకుంటాయి. అందుకు పడవవాడు ఒప్పుకోకపోతే మనమే చెప్పాలి. ఎందుకంటే చాలాసార్లు తరమమని అడిగేది ఎక్కినవాళ్ళే.

ఇక ప్రయాణం ఎలా అమర్చుకోవాలో చూద్దాం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. మార్చి దాటితే ఎండ, దక్షిణపు గాలి ఎక్కువవుతాయి. వానాకాలంలో, తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు వెళ్ళనే కూడదు. పొద్దున్న ఎనిమిది లోపు రంభ రేవు చేరుకుంటే నీరు నిలకడగా ఉంటుంది. మధ్యాహ్నం గాలి లేస్తే చిన్న పడవలు ఊగిపోతాయి. పడవ ఎక్కే ముందే ఏయే దీవులు చూపిస్తారు, ఎక్కడ దింపుతారు, మొత్తం ఎన్ని గంటలు, ఎంత ఇవ్వాలి, ఈ నాలుగూ ఖరారు చేసుకోండి. ఘంటశిల దీపస్తంభం, బ్రేక్‌ఫాస్ట్ దీవి, హనీమూన్ దీవి, పక్షుల దీవి కలిపి ఒక పూటలో చూడవచ్చు. తిరిగి వచ్చాక రంభలో ఒడిశా పర్యాటక సంస్థవారి పంథనివాస్‌లోనో, రోడ్డు పక్క హోటల్లోనో భోజనం చేయవచ్చు. చిల్కా రొయ్యలు, పీతలు తినేవారికి అదొక పండుగ. సాయంత్రం ఖల్లికోట దగ్గరి నిర్మల్‌ఝర్ ఊట, అక్కడి గుళ్ళు చూసి బయలుదేరితే చీకటిపడ్డ కాసేపటికి బరంపురం చేరవచ్చు. కాళిజాయి, నలబణ ఇంకో రోజుకు పెట్టుకోండి. సాతపడాను పూరీ యాత్రతో కలుపుకోండి. అన్నీ ఒక్కరోజులో చూడాలనుకుంటే ఏదీ చూసినట్టు ఉండదు.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి. సరస్సు లోతు తక్కువ కదా అని ధీమా పడవద్దు. అడుగున బురద ఉంటుంది. పడవ బోల్తాపడితే ఈత వచ్చినవారు కూడా బురదలో, కలుపులో చిక్కుకోవచ్చు. లైఫ్ జాకెట్టు ప్రతి ఒక్కరూ వేసుకోవాలి, ముఖ్యంగా పిల్లలు. జాకెట్లు సరిపడా లేకపోతే ఆ పడవ ఎక్కవద్దు. పరిమితికి మించి జనాన్ని ఎక్కిస్తే దిగిపోండి. ఫోటో కోసం అందరూ ఒకే వైపుకు జరగవద్దు. తాగి పడవ ఎక్కవద్దు, తాగినవాడి పడవ ఎక్కవద్దు. పొద్దు గుంకక ముందే రేవుకు చేరాలి.

మంచినీళ్ళు, టోపీ, పిల్లలకు తినడానికి కాస్త అటుకులో, మురీయో సంచీలో పెట్టుకోండి. ఒక ఖాళీ సంచీ కూడా పెట్టుకోండి. సీసాలు, కాగితాలు, కవర్లు అందులో వేసి వెనక్కు తెచ్చేయండి. దీవి మీద చెత్త ఎత్తేవాళ్ళు లేరు. పారేసినది గాలికి నీళ్ళలో పడుతుంది. నీళ్ళలో పడ్డది ఏదో ఒకనాడు జాలరి వలలోకో, పక్షి కడుపులోకో పోతుంది.

అండమాన్ చూడాలనుకునేవారు తప్పకుండా చూడండి. కానీ ఆ దీవులు చూసి వచ్చి గంజాం దీవుల పేర్లయినా చెప్పలేకపోతే అది మనకే లోటు. రంభ దీవుల్లో మన సుఖం కోసం కట్టినది దాదాపు ఏమీ లేదు. దీపస్తంభం పడవవాడి కోసం కట్టారు. పాచి రొయ్యపిల్ల కోసం, బండలు పక్షుల కోసం, మట్టి ఆ కాళ్ళు లేని బల్లి కోసం ఉన్నాయి. గుడి మునిగిపోయిన ఒక ఆడపిల్లది. వాళ్ళందరి ఇంటికి ఒక పూట చుట్టాలుగా వెళుతున్నామని తెలుసుకుని వెళితే, చూడవలసినవి వాటంతట అవే కనిపిస్తాయి. ఈ శీతాకాలంలో పిల్లలను వెంటబెట్టుకుని ఒకసారి రంభ వెళ్ళి రండి.